ఎడమ బొటనవేలికి అందే ఫోన్: పుర్రచేతి వాటం ఉన్నవారికి సమగ్ర మార్గదర్శి

రైతుబజారులో కుడిచేతి నిండా కూరల సంచి, ఎడమ చేతిలో ఫోన్. కొత్తిమీర అమ్మే ఆవిడకి పదిహేను రూపాయలు యూపీఐలో పంపాలి. నొక్కాల్సిన గుర్తు తెరమీద పై కుడి మూలన ఉంది. దానికోసం బొటనవేలు చాపేసరికి ఫోన్ అరచేతిలోంచి జారి సిమెంటు మెట్టు మీద పడింది. అద్దం పగిలింది. పక్కనున్న పెద్దాయన "పుర్రచేత్తో పట్టుకుంటే అంతేనమ్మా" అన్నారు.

ఆ మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాను. కానీ ఆ రోజు ఇంటికొచ్చి ఆలోచిస్తే, తప్పు నా చేతిది కాదని, ఆ గుర్తును అక్కడ పెట్టిన అమరికదని స్పష్టంగా అర్థమైంది. అప్పటి నుంచి ఇంట్లోవాళ్ల ఫోన్లు, స్నేహితుల ఫోన్లు పట్టుకుని సెట్టింగ్స్ అన్నీ తిరగేశాను. ఎడమచేతి వాళ్లకు పనికొచ్చేవి చాలానే ఉన్నాయి. అయితే ఒకే చోట లేవు, "ఎడమచేతి వాటం" అనే పేరుతోనూ లేవు. అందుకే వరుసగా రాస్తున్నాను.

ముందు ఒక లెక్క. ప్రపంచంలో సుమారు పది శాతం మందిది ఎడమచేతి వాటం. స్టీవెన్ హూబర్ అనే డిజైనర్ 2013లో వీధుల్లో, బస్టాపుల్లో జనం ఫోన్ వాడే తీరును 1,333 సార్లు గమనించి ప్రచురించారు. ఒంటిచేత్తో వాడుతున్నవారిలో 33 శాతం మంది ఎడమ బొటనవేలితో నొక్కుతున్నారట. పది ఎక్కడ, ముప్ఫై మూడు ఎక్కడ! బస్సులో కుడిచేత్తో కడ్డీ పట్టుకున్నవారు, కుడిచేత్తో అన్నం తింటున్నవారు, చంటిబిడ్డను కుడి భుజాన ఎత్తుకున్న తల్లి, వీళ్లంతా ఆ కాసేపు ఎడమచేతి వాళ్లే. కాబట్టి కింద రాసినవి కుడిచేతి వాటం వాళ్లకూ ఏదో ఒక పూట అక్కరకొస్తాయి.

1. ఒక రోజంతా మీ చేతిని గమనించండి

సెట్టింగ్స్ జోలికి పోయే ముందు చేయాల్సిన పని ఇది. దీన్ని దాటేస్తే అక్కర్లేనివి మార్చి, కావాల్సినవి వదిలేస్తారు.

మామూలుగా ఫోన్ పట్టుకోండి. పట్టు మార్చకుండా బొటనవేలితో నాలుగు మూలలూ తాకే ప్రయత్నం చేయండి. ఎడమచేత్తో పట్టుకుంటే తెర మధ్యభాగం, కింద ఎడమ సగం హాయిగా అందుతాయి. పై కుడి మూల అసలు అందదు. కింద కుడి మూల అందుతుంది గానీ బొటనవేలు అరచేతికి అడ్డంగా సాగాలి, అక్కడే పట్టు వదులవుతుంది. ఇక కింద ఎడమ అంచు మరీ దగ్గరైపోయి వేలు ముడుచుకోవాల్సి వస్తుంది.

తర్వాత, మీరు ఈ రెండు రకాల్లో ఎవరో తేల్చుకోండి. ఎడమచేత్తోనే పట్టుకుని ఎడమ బొటనవేలితో నొక్కేవారు మొదటి రకం. కుడిచేత్తో పట్టుకుని ఎడమ చూపుడువేలితో నొక్కేవారు రెండో రకం. రెండో రకం వాళ్లకు అందకపోవడం సమస్య కాదు, తమ చెయ్యే తెర ఎడమభాగాన్ని కప్పేస్తుంది. వాళ్లకు ఒంటిచేతి మోడ్‌తో పెద్దగా పనిలేదు. కెమెరా, స్టైలస్ (తెరమీద రాసే పెన్ను), హోమ్ తెర గురించి రాసినవి చూసుకుంటే చాలు.

ఇంకో సంగతి కూడా గమనించండి. చదువుకునే పిల్లలు ఎడమచేత్తో పెన్ను పట్టి నోట్సు రాసుకుంటున్నప్పుడు ఫోన్ కుడిచేతిలోకి వెళ్తుంది. అంటే ఎడమచేతి వాటం వాళ్లకే కొన్ని గంటలు కుడివైపు అమరిక కావాలి. అందుకని ఒక్క నొక్కుతో అటూ ఇటూ మారే సెట్టింగ్ ఎక్కడ దొరికితే అక్కడ దాన్నే ఎంచుకోండి.

2. వెనక్కి వెళ్లే దారి సరిచేసుకోండి

రోజులో ఎక్కువసార్లు చేసే పని "బ్యాక్". దీనితో మొదలుపెడితే తేడా వెంటనే తెలుస్తుంది.

సామ్‌సంగ్ ఫోన్లలో మూడు బటన్ల పట్టీ పెట్టుకుంటే బ్యాక్ బటన్ మామూలుగా కుడి చివర ఉంటుంది. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, అందులో నావిగేషన్ బార్ తెరిస్తే బటన్ల వరుస మార్చే వీలుంది. బ్యాక్‌ను ఎడమవైపు పెట్టేయండి. వేరే కంపెనీ ఫోన్ అయితే సెట్టింగ్స్ పైనుండే వెతుకుపెట్టెలో "నావిగేషన్" అని కొట్టండి. పేర్లు మోడల్‌ని బట్టి కొద్దిగా మారతాయి కాబట్టి, ఇక ముందు చెప్పేవాటికి కూడా ఆ వెతుకుపెట్టెనే వాడుకోండి.

బటన్ల కంటే సైగలు మేలని నా అభిప్రాయం. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి తెర ఏ అంచు నుంచి లోపలికి జరిపినా వెనక్కి వెళ్తుంది, ఎడమ అంచు నుంచి కూడా. కొన్ని యాప్‌లలో ఎడమ పక్కనుంచి వచ్చే మెనూ కోసం జరిపితే వెనక్కి వెళ్లిపోవడం ఒక్కటే చిరాకు. కొన్ని ఫోన్లలో సైగల సెట్టింగ్‌లోనే ఎడమ అంచుకు, కుడి అంచుకు విడివిడిగా సున్నితత్వం తగ్గించే జారుడు పట్టీలు ఉంటాయి. ఎడమవైపు ఒక మెట్టు తగ్గించి వారం చూడండి.

ఐఫోన్‌లో వెనక్కి వెళ్లే సైగ మొదటి నుంచీ ఎడమ అంచు నుంచే. ఈ ఒక్క విషయంలో మనకే వాటంగా ఉంటుంది, కుడి బొటనవేలు వాడేవాళ్లే చాపాల్సి వస్తుంది.

3. కీబోర్డును ఎడమకు జరపండి

గూగుల్ వారి కీబోర్డు యాప్ జీబోర్డు వాడేవారు కీబోర్డు పైన ఎడమ మూలనున్న నాలుగు గడుల గుర్తు నొక్కండి. వచ్చిన మెనూలో "వన్ హ్యాండెడ్" ఎంచుకుంటే కీబోర్డు ఇరుకై ఒక పక్కకు ఒదుగుతుంది. ఖాళీ భాగంలో కనిపించే బాణం గుర్తు నొక్కితే రెండో పక్కకు మారుతుంది. నోట్సు రాసే పిల్లలకు కావాల్సిన ఒక్క నొక్కు ఇదే. సామ్‌సంగ్ సొంత కీబోర్డులో కూడా ఇలాంటి మోడ్, ఇలాంటి బాణమే ఉన్నాయి. ఐఫోన్‌లో భూగోళం గుర్తునో ఎమోజీ గుర్తునో నొక్కిపట్టుకుంటే కింద మూడు చిన్న కీబోర్డు బొమ్మలు వస్తాయి. ఎడమది ఎంచుకోండి. ఇది 2017లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11తో వచ్చింది.

చెరిపే మీట కీబోర్డు కుడి చివరే ఉంటుంది. ఒత్తులు, గుణింతాలు తప్పు పడినప్పుడల్లా దానికోసం వేలు చాపాల్సిందే కాబట్టి తెలుగు టైపు చేసేవాళ్లకు ఈ జరపడం వల్ల కలిగే సుఖం ఎక్కువ. తప్పు వాక్యం మధ్యలో ఉంటే స్పేస్ బార్ మీద వేలు పక్కకు జరపండి. జీబోర్డులో కర్సర్ దానితోపాటు కదులుతుంది. ఐఫోన్‌లో స్పేస్ బార్ కాసేపు నొక్కిపట్టి జరపాలి.

ఇప్పుడు చాలామంది గమనించని చిట్కా. వాట్సాప్‌లో పంపే బటన్ కుడి అంచునే ఉంటుంది, దాన్ని కదిలించలేం. ఆండ్రాయిడ్ వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్స్ తెరిచి "ఎంటర్ ఈజ్ సెండ్" ఆన్ చేయండి. అప్పుడు కీబోర్డులోని ఎంటర్ మీటే పంపే బటన్ అవుతుంది. కీబోర్డు ఎడమకు జరిగి ఉంది కాబట్టి ఆ మీట కూడా బొటనవేలి దగ్గరికే వస్తుంది. పేరాలుగా విడదీసి సందేశాలు రాసే అలవాటున్నవారికి మాత్రం ఇది ఇబ్బంది, కొత్త లైను కోసం ఎంటర్ నొక్కితే సందేశం వెళ్లిపోతుంది.

4. పై కుడి మూలను కిందికి రప్పించండి

నా ఫోన్ పగిలింది ఈ మూల వల్లే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఐఫోన్‌లో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, టచ్ అనే వరుసలో వెళ్లి "రీచబిలిటీ" ఆన్ చేయండి. తర్వాత తెర అట్టడుగు అంచున వేలితో కిందికి జరిపితే పైభాగమంతా సగానికి దిగివస్తుంది. తెరలు పెద్దవైన 2014లో, ఐఫోన్ 6తో పాటు ఇది మొదలైంది. ఆండ్రాయిడ్ 12 నుంచి గూగుల్ కూడా ఇలాంటి ఒంటిచేతి మోడ్‌ను చేర్చింది. సామ్‌సంగ్‌లో అడ్వాన్స్‌డ్ ఫీచర్స్ కింద ఉంటుంది. అక్కడ తెర దిగడం కాదు, మొత్తంగా చిన్నదై ఒక మూలకు చేరుతుంది. పక్కనుండే బాణంతో ఎడమకు తెచ్చుకోవచ్చు.

ఐఫోన్‌లో ఎడమచేతి వాళ్లను ఎక్కువగా వేధించేది కంట్రోల్ సెంటర్, అంటే వైఫై, టార్చి లాంటి మీటలుండే పలక. ఫేస్ ఐడీ (ముఖం చూసి తెరుచుకునే ఏర్పాటు) ఉన్న ఫోన్లలో అది పై కుడి మూల నుంచి కిందికి లాగితేనే వస్తుంది. దీనికి రెండు దారులున్నాయి. యాక్సెసిబిలిటీ, టచ్ కింద "బ్యాక్ ట్యాప్" ఉంటుంది. ఐఫోన్ 8, ఆ తర్వాతి మోడళ్లలో పనిచేస్తుంది. ఫోన్ వీపు మీద వేలితో రెండుసార్లు తడితే కంట్రోల్ సెంటర్ వచ్చేలా పెట్టుకోండి. ఎడమచేత్తో పట్టుకున్నప్పుడు చూపుడువేలు ఎలాగూ వీపు మీదే ఉంటుంది. మందమైన కవరు వల్ల తట్టినట్టు గుర్తించకపోతే "అసిస్టివ్ టచ్" ఆన్ చేసి, ఆ తేలే చుక్కను ఎడమ అంచుకు లాగి, దాని మెనూలో కంట్రోల్ సెంటర్ పెట్టుకోండి.

సామ్‌సంగ్ వాళ్లు 2025లో తమ ఫోన్ల సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వన్ యూఐ 7 తెచ్చినప్పుడు నోటిఫికేషన్లనూ, వైఫై, టార్చి లాంటి మీటలనూ రెండుగా విడదీశారు. మీటల కోసం పై కుడివైపు నుంచి లాగాలి. మనకు ఇది వెనకడుగే. ఆ మీటల పలకను తెరిచి, పెన్సిల్ గుర్తు నొక్కి, ప్యానెల్ సెట్టింగ్స్‌లో "టుగెదర్" ఎంచుకుంటే పాత పద్ధతికి వచ్చేస్తుంది. దానితోపాటు హోమ్ తెర మీద ఎక్కడైనా కిందికి జరిపితే నోటిఫికేషన్లు వచ్చే సెట్టింగ్ కూడా ఆన్‌లో ఉంచండి.

బ్రౌజర్లో చిరునామా పట్టీని కిందికి తెచ్చుకోండి. ఐఫోన్ సఫారీలో 2021 నుంచి, ఆండ్రాయిడ్ క్రోమ్‌లో 2025 నుంచి ఈ వీలుంది.

5. కింద కుడి మూలన తేలే బటన్: ఇక్కడే అసలు చిక్కు

జీమెయిల్‌లో కొత్త ఉత్తరం రాయడానికైనా, వాట్సాప్‌లో కొత్త చాట్ తెరవడానికైనా ఆండ్రాయిడ్‌లో ఒక బటన్ కింద కుడి మూలన తేలుతూ ఉంటుంది. గూగుల్ 2014లో తెచ్చిన మెటీరియల్ డిజైన్ అనే యాప్ రూపకల్పన పద్ధతితో ఈ అలవాటు యాప్‌లన్నిటికీ పాకింది. దాన్ని ఎడమకు జరపమని అడిగే సెట్టింగ్ మామూలుగా ఎక్కడా కనిపించదు.

కానీ హైదరాబాద్ పాతబస్తీలో ఉర్దూ భాషలో ఫోన్ పెట్టుకున్నవారి తెర ఒకసారి చూడండి. ఉర్దూ కుడి నుంచి ఎడమకు చదివే లిపి కాబట్టి తెరంతా అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది. ఆ తేలే బటన్ కింద ఎడమ మూలన, సరిగ్గా మన బొటనవేలి కింద ఉంటుంది. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.2 నుంచి ఈ తిప్పే పద్ధతి ఫోన్‌లోనే ఉంది. ఇది మొదటిసారి చూసినప్పుడు నాకు సంతోషంతోపాటు బాధా కలిగింది. తిప్పడం ఇన్నేళ్లుగా వచ్చినప్పుడు, ఎడమచేతి వాళ్లకోసం ఒక మీట పెట్టడానికి ఏం అడ్డం?

భాష మార్చకుండా దీన్ని తెచ్చుకునే దారి ఒకటుంది. సెట్టింగ్స్‌లో ఫోన్ వివరాల పేజీకి వెళ్లి, బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కండి. సామ్‌సంగ్‌లో అది సాఫ్ట్‌వేర్ సమాచారం కింద ఉంటుంది. దాంతో డెవలపర్ ఆప్షన్స్ అనే కొత్త మెనూ వస్తుంది. అందులో "ఫోర్స్ ఆర్‌టీఎల్ లేఅవుట్ డైరెక్షన్" ఆన్ చేయండి (ఆర్‌టీఎల్ అంటే కుడి నుంచి ఎడమకు). తెలుగు అక్షరాలు అలాగే ఉంటాయి, అమరిక మాత్రం తిరగబడుతుంది.

దీంతో వచ్చే చిక్కులు కూడా చెప్పాలి. కుడి నుంచి ఎడమకు చదివే భాషలను దృష్టిలో పెట్టుకోని యాప్‌లు మారనే మారవు. మారినవాటిలో తెలుగు, ఇంగ్లీషు వాక్యాలు కుడి అంచుకు అతుక్కుంటాయి. ఆన్, ఆఫ్ మీటలు ఎడమకు వస్తాయి, మొదటి రెండు రోజులు తికమకగా ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, డెవలపర్ ఆప్షన్స్ ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. డబ్బు పంపాల్సిన సమయంలో టెన్షన్ పడకుండా, ముందే మీ బ్యాంకు యాప్ తెరిచి చూసుకోండి. తెరుచుకోకపోతే ఆ మెనూ పైనున్న మీటతో మొత్తం ఆపేయండి. అదే మెనూలోని మిగతావి దేన్నీ కదిలించకండి. తికమక భరించలేనివారు దీన్ని వదిలేసినా తప్పులేదు, మిగతా మెట్లన్నీ దీనితో సంబంధం లేకుండా పనిచేస్తాయి.

6. హోమ్ తెర

రోజూ వాడే ఐదారు యాప్‌లను కింద ఎడమ సగంలోకి చేర్చండి. ఆండ్రాయిడ్‌లో ఎప్పటినుంచో కుదురుతుంది. ఐఫోన్‌లో 2024లో వచ్చిన ఐఓఎస్ 18 నుంచి యాప్‌ల మధ్య ఖాళీ వదిలి, కావాల్సిన చోట పెట్టుకోవచ్చు. చేత్తో తెర కప్పుకుపోయే రెండో రకం వాళ్లు మాత్రం యాప్‌లను కుడివైపు పెట్టుకుంటేనే కనిపిస్తాయి. సామ్‌సంగ్‌లో పక్కనుంచి లాగితే యాప్‌లు చూపే ఎడ్జ్ ప్యానెల్ పిడిని ఎడమకు మార్చి, బ్యాక్ సైగకు అడ్డు రాకుండా కాస్త పైకి జరపండి.

7. పక్క బటన్లు, వేలిముద్ర, కవరు

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్, వాల్యూమ్ బటన్లు రెండూ కుడి పక్కనే ఉంటాయి. కుడిచేతిలో అయితే అవి బొటనవేలి కిందికి వస్తాయి. మన చేతిలో చూపుడు, మధ్య వేళ్ల కిందికి వస్తాయి. పట్టు బిగించినప్పుడు రెండూ ఒకేసారి నొక్కుకుని అక్కర్లేని స్క్రీన్‌షాట్లు పడేది ఇందుకే. బటన్లు కొద్దిగా లోపలికి ఉండే గట్టి కవరు వేస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

పవర్ బటన్‌లోనే వేలిముద్ర చూసే ఫోన్ అయితే, దుకాణంలో అబ్బాయి చెప్పినట్టు బొటనవేలు ఇచ్చి ఊరుకోకండి. ఎడమ చూపుడువేలు, ఎడమ మధ్యవేలు రెండూ నమోదు చేయండి. ఫోన్‌ను బల్ల మీద కాకుండా రోజూ పట్టుకునే తీరులో పట్టుకుని నమోదు చేస్తే గుర్తించడం బాగుంటుంది. కుడి బొటనవేలు కూడా ఒకటి ఇవ్వండి, నోట్సు రాసేటప్పటి కోసం.

పుస్తకంలా తెరుచుకునే కవర్లు ఎడమచేతి వాళ్లకు నేను సిఫారసు చేయను. మడత ఎడమ అంచునే ఉంటుంది, ఆ మందం నేరుగా అరచేతిలో ఒరుసుకుని బొటనవేలికి అందే దూరాన్ని తగ్గిస్తుంది. వెనక ఉంగరం అతికించుకునేవారు దాన్ని మధ్యలో కాకుండా కొద్దిగా కిందికి పెట్టి చూడండి. చిటికెనవేలి మీద బరువు తగ్గుతుంది. బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర నొప్పి రోజుల తరబడి ఉంటే సెట్టింగ్స్‌తో సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించండి.

పట్టుకునే చెయ్యిని పట్టించుకోకపోతే ఏమవుతుందో 2010లో ఐఫోన్ 4 చూపించింది. దాని లోహపు అంచే యాంటెన్నా. కింది ఎడమ పక్కనున్న చిన్న సందును ఎడమ అరచేయి కప్పితే సిగ్నల్ పడిపోయేది. గొడవ పెద్దదై, ఆ జులై 16న యాపిల్ ప్రత్యేకంగా విలేకరుల సమావేశం పెట్టి, కొన్నవారికి ఉచితంగా అంచు కవర్లు ఇస్తామని ప్రకటించింది.

8. కెమెరా

అడ్డంగా ఫోటో తీసేటప్పుడు చాలామంది ఫోన్ పైభాగాన్ని ఎడమకు తిప్పుతారు. అప్పుడు క్లిక్ బటన్ కుడివైపు వస్తుంది, వెనక లెన్సు మన ఎడమ వేళ్ల కిందికి వచ్చి ఫోటోలో వేలు పడుతుంది. మీరు పైభాగాన్ని కుడికి తిప్పండి. క్లిక్ బటన్ ఎడమ బొటనవేలి కిందికి వస్తుంది, లెన్సు అవతలి చివరకు పోతుంది. ఫోటో తలకిందులు కాదు, ఫోన్ తనే సరిచేసుకుంటుంది. ఖర్చులేని ఈ ఒక్క మార్పుతో పెళ్లిళ్లలో నేను తీసే ఫోటోల్లో వేలు పడటం ఆగిపోయింది.

నిలువుగా తీసేటప్పుడు సామ్‌సంగ్‌లో కెమెరా సెట్టింగ్స్‌లోని షూటింగ్ మెథడ్స్ కింద తేలే షట్టర్ బటన్ ఆన్ చేసి, దాన్ని వేలికి అందేచోటికి లాగి పెట్టుకోవచ్చు. 2024లో వచ్చిన ఐఫోన్ 16లో కెమెరా కోసం ప్రత్యేకంగా పెట్టిన బటన్ కుడి పక్కన, కిందికి ఉంది. కుడి చూపుడువేలిని లెక్కలోకి తీసుకుని పెట్టినది అది. మనం వాల్యూమ్ మీటతో క్లిక్ చేసుకోవడమే సుఖం.

స్టైలస్ వాడేవారికి ఒక్క మాట. సామ్‌సంగ్ 2020లో నోట్ 20తో పెన్ను దోపే చోటును కింద ఎడమవైపుకు మార్చింది. సెకండ్ హ్యాండ్‌లో నోట్ ఫోన్ కొనాలనుకుంటే ఈ తేడా చూసుకోండి.

9. కొనేటప్పుడు, కొన్నాక

దుకాణంలో ప్రదర్శనకు పెట్టిన ఫోన్‌ను ఎడమచేతిలోకి తీసుకోండి. కుడిచేయి జేబులో పెట్టుకుని నాలుగు పనులు చేయండి: పవర్ నొక్కడం, నోటిఫికేషన్లు దించడం, కీబోర్డు తెరిచి "క్షేమంగా చేరుకున్నాం" అని టైపు చేయడం, కెమెరా తెరిచి క్లిక్ చేయడం. ఎన్నిసార్లు పట్టు మార్చాల్సి వచ్చిందో లెక్కపెట్టండి. తెర ఎంత పొడవుందనే దానికంటే ఫోన్ వెడల్పు ఎంతన్నది మనకు ముఖ్యం. ఐదారు మిల్లీమీటర్ల తేడా కూడా బొటనవేలికి తెలుస్తుంది.

పిల్లల్లో ఎవరికైనా పుర్రచేతి వాటం ఉంటే, ఫోన్ విషయంలోనైనా చెయ్యి మార్చుకోమని ఒత్తిడి చేయకండి. పక్కన కూర్చుని మూడో మెట్టు, ఆరో మెట్టు చేసిపెట్టండి. పది నిమిషాల పని.

మిగిలింది అడగడం. మీరు రోజూ వాడే యాప్‌లో కుడి మూలన ఇరుక్కున్న బటన్ ఉంటే, ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీ కింద తయారుచేసినవారిని సంప్రదించే చోటు ఉంటుంది. "నేను ఎడమచేత్తో వాడతాను. ఈ బటన్‌ను ఎడమకు మార్చుకునే వీలు ఇవ్వండి. ఉర్దూలో మీ యాప్ ఇప్పటికే ఇలా కనిపిస్తోంది" అని మూడు వాక్యాలు రాయండి. చివరి వాక్యం రాసే ముందు ఒకసారి ఐదో మెట్టులోని సెట్టింగ్ ఆన్ చేసి, ఆ యాప్ నిజంగా తిరగబడుతోందో లేదో చూడండి. తిరగబడితే మామూలు తెర, తిరగబడిన తెర రెండింటి స్క్రీన్‌షాట్లు తీసి, బటన్ చుట్టూ ఎర్రగా గీత గీసి జతచేయండి.